సున్నం పెట్టని ముంత

పొద్దున్నుంచి నడిగరువులో ఎవరింటికి వెళ్ళినా కాఫీ ఇచ్చారు గానీ, ఒక్కరూ నోరు విప్పి ఒక్క నిజం చెప్పలేదు. "రండమ్మా, కూర్చోండమ్మా, ఎండన పడి వచ్చేరు" అని కుర్చీ వేస్తారు, ఫ్యాను తిప్పుతారు. గంగాధర్ పేరెత్తగానే "మాకేం తెలుస్తుందండి" అని గ్లాసు పట్టుకుని లోపలికి పోతారు. డిటెక్టివ్ సత్యకుమారికి ఒళ్ళు మండిపోతోంది. మొహం మీద తలుపేసినా ఇంతకన్నా నయం, కనీసం కడుపులో గ్యాస్ పట్టేది కాదు.

జరిగింది ఇదీ. కల్లుగీత సొసైటీ ప్రెసిడెంటు గంగాధర్ సోమవారం తెల్లవారేసరికి తాడిచెట్ల వరస పక్కన పంటకాలవలో శవమై కనిపించాడు. తల వెనక దెబ్బ. చెట్టెక్కేటప్పుడు నడుముకి వేసుకునే మోకు ఒడ్డున, చెట్టు మొదట్లో పడి ఉంది. ఆ వరసకి ఇవతల పల్లంరాజుగారి రొయ్యల చెరువు, దానికి కాపలాదారు జీవరాజు. చెట్లు తీయించి చెరువు గట్టు వెడల్పు చేయాలని పల్లంరాజుగారు, చెట్టు మీద చెయ్యి పడితే ఊరుకోమని సొసైటీ వాళ్ళు, ఏడాదిగా తగువు. సీఐ జోగేశ్వరరావు బుర్రకి అంతకంటే పని పెట్టలేదు. సోమవారం మధ్యాహ్నానికల్లా జీవరాజుని లోపలేశాడు. ఇవాళ మధ్యాహ్నం కోర్టులో పెడతాడు. పెట్టాడంటే ఇక జైలే.

జీవరాజు భార్య తబిత ఏడుస్తూ రాజమండ్రి వచ్చి సత్యకుమారి కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "శనివారం రాత్రి మా ఆయన మా అమ్మా వాళ్ళింట్లో నాతోనే ఉన్నారండి. ఆదివారం చర్చి అయ్యాకే చెరువు కాపలాకి వచ్చారండి. గంగాధర్ గారు శనివారం చనిపోయుంటే మా ఆయనకి సంబంధమే లేదు కదండి!"

ఆ ఒక్క ముక్క పట్టుకునే సత్యకుమారి ఇళ్ళన్నీ తిరిగాక స్టేషన్‌కి వెళ్ళింది. వెళ్ళి తల బొప్పి కట్టించుకుని వచ్చింది.

"ఏంటండి మేడమ్ గారూ, పెళ్ళి సంబంధాల సీజన్ అయిపోయిందా?" అన్నాడు సీఐ, కుర్చీలోంచి కదలకుండానే. పదేళ్ళుగా ఆమె ఏజెన్సీకి వచ్చే కేసుల్లో ముప్పావు వంతు పెళ్ళికొడుకుల వాకబేనని ఆయనకి తెలుసు. ఎవరెదురుగా అంటే ఎక్కువ గుచ్చుకుంటుందో కూడా తెలుసు. పక్కన తబిత నిలబడి ఉంది.

"గంగాధర్ శనివారం సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరాడు. ఆ తర్వాత అతన్ని కళ్ళతో చూసినవాళ్ళు లేరు. శనివారమే పోయాడని ఎందుకు అనుకోరు మీరు?"

"రాజమండ్రిలో ఆఫీసర్లని కలవాలి, సోమవారం దాకా రానని భార్యకి చెప్పి వెళ్ళాడండి. ముందే వచ్చేశాడు. ఆదివారం సాయంత్రం తన చెట్లు తను గీసుకున్నాడు. సోమవారం తెల్లారగట్ల మళ్ళీ వస్తే జీవరాజు కాచుకుని కొట్టాడు."

"ఆదివారం గీశాడని ఎవరు చెప్పారు?"

"చెట్టు చెప్పిందండి." సీఐకి ఈ మాట అనడానికే పొద్దున్నుంచి ఎదురుచూసినంత సంబరం. "తాడిగెల కొసని పూటపూటా పల్చగా కోస్తుండాలి. ఒక రోజు మానేస్తే కోసిన చోట ఎండిపోయి, చెట్టు ఇవ్వడం మానేస్తుంది. సోమవారం మా వాళ్ళు చూస్తే గంగాధర్ చెట్లకి ధార పడుతూనే ఉంది. ముంతలు నిండి ఉన్నాయి. శనివారం చచ్చిపోయినవాడు ఆదివారం చెట్టెక్కుతాడాండి?"

"పోస్టుమార్టం ఏమంది?"

"శవం నీళ్ళలో ఉంది కదండి, ఒక రోజు నుంచి రెండు రోజులు అన్నాడు డాక్టరు. ఒకటైతే నాకు సరిపోతుంది, రెండైతే మీకు. సీఐని నేను కాబట్టి ఒకటి." ఆయన టోపీ అందుకున్నాడు. "గంగాధర్ శవయాత్రకి బందోబస్తు ఉంది. సొసైటీ వాళ్ళు నిన్నంతా రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ళ ఓట్లు కావాల్సినవాళ్ళు నాకు ఫోన్ల మీద ఫోన్లు. యాత్ర సాగనంపి అటునుంచి అటే జీవరాజుని కోర్టుకి తీసుకెళ్తాను. మీరు కాఫీ తాగి వెళ్ళండి."

మళ్ళీ కాఫీ! సత్యకుమారి పళ్ళు నూరుకుంది. దానికన్నా ఎక్కువ మంట పుట్టించింది ఏంటంటే, ఆయన చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఆమెకి ఒక్క మాట దొరకలేదు.

పల్లంరాజుగారు చెరువు గట్టు మీది గెస్ట్ హౌసులో ఉన్నారు. కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చారు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టేసి సూటిగా అడిగింది. "మీ కాపలావాణ్ణి జైలుకి పంపి మీరు హాయిగా ఉన్నారేంటండి?"

"అయ్యో, అదేం మాటండి! జీవరాజుకి లాయర్ని నేనే పెడతాను కదండి."

"చంపించింది మీరేనని ఊరంతా అంటోంది."

"అంటారండి. రాజులమాయె, చెరువులున్నాయాయె, అనకేం చేస్తారు." ఆయనకి కోపం కూడా మర్యాదగానే వస్తుంది. "కానీ ఆలోచించండి సత్యకుమారి గారూ. గంగాధర్ పోవడం వల్ల నష్టపోయింది ఎవరండి? నేను."

"మీరా!"

"శుక్రవారమేనండి ఇక్కడికొచ్చి, మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, వరస మొత్తం తీయించుకోండని ఒప్పుకున్నాడు. బదులుగా యానాంలో మా బావమరిది మందు షాపులో వాటా అడిగాడు. ఇస్తానన్నాను. మనిషి బతికుంటే సొసైటీని మెల్లగా వాడే దారికి తెచ్చేవాడండి. నేనెందుకు చంపుకుంటాను?"

సత్యకుమారి ఆయన మొహం వంకే చూసింది. కల్లు మానిపించి, జనానికి మత్తెక్కని తియ్యటి నీరా తాగిస్తానని పేపర్లలో ఫొటోలు వేయించుకున్న గంగాధర్! చెట్టే మా ఇలవేల్పు అని మైకుల్లో గొంతు చించుకున్న గంగాధర్! పోయి పోయి యానాం సీసాలకి అమ్ముడుపోయాడా?

"ఊళ్ళో ఎవరికైనా తెలుసాండి ఈ సంగతి?"

"తెలిస్తే బతకనిస్తారాండి?" అనేశారు రాజుగారు. అన్నాక నాలుక కరుచుకున్నారు. "సీఐ గారికి చెప్పానండి. వినిపించుకోలేదు."

సత్యకుమారి లేచింది. ఎవరికో తెలిసింది. తెలిసినవాళ్ళు బతకనివ్వలేదు. అదెవరో చెప్పమని ఈ ఊళ్ళో ఎవర్ని అడిగినా మళ్ళీ కాఫీయే ఇస్తారు. పైగా ఇప్పుడు ఊరంతా శవయాత్ర దగ్గర ఉంది. వాచీ చూసుకుంటే పదకొండు దాటింది.

తాడిచెట్ల వరస కాలవ గట్టు పొడుగునా ఉంది. తబిత ముందు నడుస్తోంది. వరస మొదట్లో, పోలీసులు కట్టిన రిబ్బను పక్కనే ఒక కానిస్టేబుల్ చెట్టుకి జేరబడి పాట పాడుకుంటున్నాడు. వీళ్ళని చూసి లేవబోయాడు, కాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చున్నాడు. ఒళ్ళో నల్ల ముంత.

సత్యకుమారికి అప్పటిదాకా పంటి బిగువున పట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "ఏవయ్యా, బుద్ధుందా నీకు? ఇవి సోమవారం గంగాధర్ చెట్ల మీంచి దింపిన ముంతలు కాదూ? సాక్ష్యానికి కాపలా పెడితే సాక్ష్యం తాగేస్తావా! అవతల ఒక మనిషి ప్రాణం జైల్లో పడుతుంటే నీకు పాటలొస్తున్నాయా?"

"కల్లు కాదండి మేడమ్... నీరా అండి, నీరా." వాడు ఎంతో భక్తిగా ముంత ఎత్తి చూపించాడు. "గంగాధర్ గారి ముంతంటే నీరాయే కదండి. ఒంటికి మంచిదని... కొంచెం..."

"నీరా తాగి ఎవడైనా తూలుతాడా?" అని గయ్యిమంది సత్యకుమారి. అంటూనే ఆగిపోయింది.

నిజమే. నీరా తాగి ఎవడైనా తూలుతాడా?

వాడి చేతిలోంచి ముంత లాక్కుని వాసన చూసింది. పుల్లటి ఘాటు ముక్కు బద్దలు కొట్టింది. లోపల వేలు పెట్టి గోడ వెంట తిప్పి చూసుకుంది. తడి తప్ప ఏమీ అంటలేదు. పక్కనే పెట్టిన మిగతా ముంతలూ అంతే.

"తబితా, సొసైటీలో నీరాకి ముంత ఎలా కడతారు?"

"లోపల సున్నం రాసి కడతారండి. సున్నముంటే పులియదు, తియ్యగా ఉంటది. గంగాధర్ గారు అందరిచేతా అలాగే కట్టించేవారండి. రాయకపోతే కేకలేసేవారు." తబిత వరస చివర ఇంకొకరి చెట్టు కింద బోర్లించిన ముంత తెచ్చింది. దాని లోపల గోడంతా తెల్లగా పేరుకుని ఉంది.

"అందరూ రాస్తారా?"

"ఒక్క ఏడుకొండలు తాత రాయడండి. గంగాధర్ గారికి సొంత మేనమామ కదండి, పెద్దాయన్ని ఏమీ అనలేకపోయేవారు."

సత్యకుమారి అప్పుడే ఫోన్ తీసింది. సీఐ ఎత్తాడు. వెనక డప్పుల మోత. "సార్, ఆదివారం ఆ ముంతలు కట్టింది గంగాధర్ కాదు. సున్నం లేదు వాటిల్లో. ఇంకెవరో గీశారు. అంటే అప్పటికే అతను..."

"ఆ రోజు వాడికే కల్లు తాగాలనిపించిందేమోనండి, సున్నం మానేశాడు. ఇదా మీరు కనిపెట్టింది? ఎండలో తిరక్కండి మేడమ్ గారూ, వడదెబ్బ తగుల్తుంది." పెట్టేశాడు.

ఫోన్ కాలవలో గిరాటేద్దామన్నంత ఉక్రోషం వచ్చింది ఆమెకి. వెయ్యలేదు. వేయకపోవడానికి కారణం, గట్టు మీద ఒక ముసలాయన వస్తూ కనిపించాడు. భుజాన మోకు, నడుముకి కత్తి, చేతిలో ఖాళీ ముంతలు. ఊరంతా గంగాధర్ శవం వెనక నడుస్తుంటే, ఆ గంగాధర్ మేనమామ తాపీగా చెట్లెక్కడానికి వస్తున్నాడు.

"ఏవండీ, మేనల్లుణ్ణి సాగనంపడానికి వెళ్ళలేదాండి?" అంది సత్యకుమారి.

"వెళ్ళాలండి. మజ్జాన్నం గీత టైమండి ఇది. దాటితే కుదరదు." ఏడుకొండలు ఆమె మొహం చూడలేదు. మోకు చెట్టు చుట్టూ తిప్పుతున్నాడు.

"ఇవి గంగాధర్ చెట్లు కదండి?"

"ఆయ్."

"శనివారం ఊరెళ్తూ తన చెట్లు గీయమని మీకు చెప్పి వెళ్ళాడా?"

ముసలాయన దారి దొరికినట్టు తలూపాడు. "ఆయ్, చెప్పాడండి. అందుకే గీసేనండి."

"మరి ఆదివారం గీసింది మీరైతే, గంగాధరే గీశాడు, బతికే ఉన్నాడు అని సీఐ గారు కేసు కట్టేస్తుంటే మీరెందుకు ఊరుకున్నారు?"

"నన్నెవరడిగారండి?"

"సరే, నేనడుగుతున్నాను. ఒకళ్ళ చెట్టు చెప్పించుకుని గీసినవాళ్ళు ఆ చెట్టు తాలూకు మనిషి పద్ధతిలోనే గీస్తారు. రేపు వచ్చి అడుగుతాడని ఉంటుంది కదండి. గంగాధర్ సోమవారం తిరిగొచ్చి ముంతలో సున్నం లేకపోతే కేకలేస్తాడని మీకు తెలుసు. అయినా సున్నం లేకుండా, మీ చెట్టుకి కట్టుకున్నట్టు కట్టుకున్నారు." సత్యకుమారి గొంతు ఆమెకే గరుగ్గా వినపడింది. "ఎందుకంటే వాడింక రాడని ఆదివారంనాటికే మీకు తెలుసు."

ఏడుకొండలు మోకు వదిలేసి చెట్టు మొదట్లో చతికిలబడ్డాడు. ఇక దాచుకోలేదు.

"మా తాత ఈ చెట్లు గీసినందుకే జైలుకెళ్ళాడమ్మా. మద్రాసోళ్ళ కాలంలో కల్లు నిషేదం. ఏరు దాటితే యానాంలో పరాసోళ్ళ, అదే ఫ్రెంచోళ్ళ రాజ్యం, అక్కడ ఎంత తాగినా అడిగేవోడు లేడు. మా చెట్లు ఎండబెట్టి, మా జనాన్నే యానాంలో కూలికి గీయించేరు. ఆనక నిషేదం తీసేరు. తీసి కాంట్రాక్టర్లకి పాట పెట్టేరు. చెట్టు మాది, సొమ్ము వాడిది. మా నాన్న కొట్లాడి కొట్లాడి సొసైటీ తెచ్చాడండి. మళ్ళీ నిషేదం, మళ్ళీ ఎత్తేయడం. ఎవడొచ్చినా మా చెట్టుతోనే ఆడుకున్నాడు. అన్నిటికీ తట్టుకున్నాయమ్మా ఇయ్యి." అతను చెట్టుని అరచేత్తో తట్టాడు. "శనివారం సాయంత్రం వాడు ఇక్కడే నిలబడి చెప్పేడు. 'మావయ్యా, యానాంలో షాపు పెడతన్నాను, నీకింక చెట్టెక్కే కర్మ లేదు, ఇయ్యన్నీ తీయించేస్తన్నాను' అన్నాడు. నవ్వుతా చెప్పేడమ్మా! తోసేను. చంపుదామని తొయ్యలేదు. తూము రాయికి తల తగిలింది. నీళ్ళలోకి పోయేడు."

"మరి మర్నాడు వచ్చి గీయడానికి చేతులెలా వచ్చాయండి?"

"మడిసి పోయాడని చెట్టుని కూడా చంపుకుంటావా అమ్మా?"

అంతవరకూ కొయ్యబారి నిలబడ్డ తబిత అప్పుడు ముందుకొచ్చింది. "తాతా, మా ఆయన నీకేం అన్యాయం చేశాడు? నీ చెట్టు పచ్చగా ఉండాలని మా ఆయన జైల్లో కుళ్ళిపోవాలా? చెప్పు!"

ఏడుకొండలు ఆ పిల్లవైపు చూడలేకపోయాడు. "చెప్తానమ్మా. సీఐగారికి నేనే చెప్తాను. ఈ గీత ఒక్కటీ అవ్వనీండి."

"గీత తర్వాత! జీవరాజుని ఇప్పుడు కోర్టుకి తీసుకెళ్ళిపోతున్నారు" అని సత్యకుమారి అరిచేలోపే ముసలాయన మోకు బిగించి పైకి పోతున్నాడు. ఆ వయసులో అంత జోరేంటో ఆమెకి అర్థం కాలేదు. కింద నిలబడి ఎంత అరిచినా "వస్తన్నానండి, వస్తన్నానండి" అని పైనుంచి మర్యాదగా జవాబు. ఈ ఊళ్ళో మర్యాదంత దరిద్రం ఇంకోటి లేదనిపించింది ఆమెకి.

చెట్టు తలకాయలోంచి అతనే ముందు చూశాడు. "అమ్మా! పొక్లెయిన్ వస్తందండి!"

చెరువు గట్టు మలుపు తిరిగి పచ్చటి యంత్రం వరస వైపే వస్తోంది. ఊరంతా శవయాత్రలో ఉన్న పూట చూసుకుని పల్లంరాజుగారు పని మొదలుపెట్టించారు. సత్యకుమారి ఆయనకి ఫోన్ చేసింది. "రాజుగారూ, వెంటనే ఆపించండి! చెట్టు మీద మనిషున్నాడు. గంగాధర్ చావు గురించి నిజం తెలిసినవాడు. వాడు చెప్తే మీ జీవరాజు బయటపడతాడు."

అవతల రాజుగారు గొంతు తగ్గించారు. "నిజమంటే, గంగాధర్ నాతో కుదిరిన సంగతి కూడా చెప్తాడాండి?"

"చెప్తాడు."

"అప్పుడు సొసైటీ నన్ను ఈ గట్టు మీద అడుగు పెట్టనివ్వదు కదండి. డ్రైవరు ఫోన్ ఎత్తడం లేదండి. ఏమీ అనుకోకండి." పెట్టేశారు.

యంత్రం మొదటి చెట్టు దగ్గర ఆగి చెయ్యి చాచింది. మొదలు కింద మట్టి పెళ్ళగించి ఒక్క తోపు తోసేసరికి తాడిచెట్టు కాలవకి అడ్డంగా కూలింది. నేల అదిరింది, కానిస్టేబుల్ పడుతూ లేస్తూ పక్కకి పాకాడు. ఏడుకొండలు ఉన్నది మూడో చెట్టు మీద.

"దిగండీ! దిగండీ!"

దిగలేదు. నడుముకున్న మోకు విప్పి కిందకి వదిలేశాడు. అది సత్యకుమారి కాళ్ళ దగ్గర పడింది. మట్టల మధ్య కూర్చుని, రెండు చేతులతో చెట్టుని కావలించుకుని ఏదో అరుస్తున్నాడు. ఇంజను మోతలో ఒక్క ముక్క వినపడదు. ఆమె ఫోన్ ఎత్తి వీడియో తీస్తోంది. అందులోనూ ఇంజనే. చేతికి దొరికిన నిజం కళ్ళెదుటే గాల్లో కలిసిపోతోంటే ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు తబిత పరిగెత్తింది. రెండో చెట్టు వైపు తిరుగుతున్న యంత్రం మెట్టు మీదకి ఎగిరి, డ్రైవరు చొక్కా పట్టుకుని లాగి, తాళం పెరికేసింది. ఇంజను దగ్గి ఆగింది. ఒక్కసారి నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో పైనుంచి గొంతు గట్టంతా వినపడింది. "గంగాధర్ని తోసింది నేనురా! చెట్లమ్ముకున్నది వాడురా! జీవరాజుకి ఏ పాపం తెలీదు, వదిలెయ్యండి!"

సత్యకుమారి వెనక్కి తిరిగింది. శవయాత్ర అప్పటికే గట్టెక్కింది. చెట్టు కూలిన చప్పుడుకి డప్పులు ఆపి పరిగెత్తుకొచ్చారు. పాడె మోస్తున్నవాళ్ళు మోస్తున్నట్టే నిలబడిపోయారు. ప్రతివాడి నడుముకీ కత్తి ఉంది. వెనక జీపులో, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య జీవరాజు తలెత్తి చూస్తున్నాడు. జీపు పక్క నిలబడ్డ సీఐ జోగేశ్వరరావు మొహంలో ఇప్పుడు నవ్వు లేదు.

"విన్నారాండి?" అంది ఆమె.

"విన్నానండి" అన్నాడు ఆయన, మెల్లగా. "దింపి స్టేట్‌మెంట్ తీసుకోవాలి. ప్రాణంతో దింపాలి."

జనంలోంచి ఎవడో అన్నాడు, "పాడె మీదున్నోణ్ణి దొంగంటాడా? మా గంగాధర్ చెట్లమ్మేశాడంటాడా!" ఇంకో గొంతు అందుకుంది. ఇంకోటి. అందరికన్నా గట్టిగా ఒకడు యంత్రం వైపు తిరిగి అరిచాడు. "ఒరే డ్రైవరూ, తోసెయ్యరా ఆ చెట్టుని!"

ఏడాదిగా చెట్టు మీద చెయ్యి పడనివ్వమని రోడ్డెక్కిన సొసైటీ అది. ఒక్కడూ కాదనలేదు. పది మంది యంత్రం మీద పడ్డారు. తాళం లేదు. అందరి కళ్ళూ తబిత పిడికిలి మీదకి మళ్ళాయి.

తబిత జీపులో ఉన్న మొగుణ్ణి ఒక్కసారి చూసుకుంది. తాళాన్ని శక్తికొద్దీ కాలవలోకి విసిరేసింది.

సీఐ ఈలలు ఊదుతూ జనాన్ని తోసుకుని వస్తున్నాడు. సత్యకుమారి చెట్టుకి వీపు ఆనించి చేతులు చాపి అడ్డంగా నిలబడింది. ఆమె కాళ్ళ దగ్గర పడున్న మోకుని పాడె ముందు నిప్పుకుండ పట్టుకుని నడిచొచ్చిన గంగాధర్ తమ్ముడు తీసుకున్నాడు. కుండ జాగ్రత్తగా కింద పెట్టాడు. ఆమెని ఒక్క చేత్తో పక్కకి నెట్టేసి, మోకు చెట్టుకి తిప్పి, కత్తి పళ్ళ మధ్య పెట్టుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టాడు.